గట్టు దిగేటప్పుడు వెలిగే దీపం

రా బుజ్జీ, ఇలా అరుగు మీద కూర్చో. కరెంటు పోతే పోయిందిలే. నా చిన్నప్పటి సైకిలు తన కరెంటు తనే పుట్టించుకునేది, ఆ ముచ్చట చెప్తాను.

వెనకచక్రం పక్కన సీసా ఆకారంలో డైనమో ఉండేది. మీట నొక్కితే దాని తలమీది గరుకు చక్రం టైరుకి ఆనుకునేది. గుర్రుమని మోత మొదలయ్యేది, తొక్కుడు కాస్త బరువెక్కేది. చీకట్లో కాలవగట్టు ఎక్కుతూ నెమ్మదిస్తే దీపం ఎర్రగా మిణుకుమనేది. దిగేటప్పుడు తెల్లగా వెలిగేది. ఆగితే చీకటే.

ఎందుకంటావా? డైనమో లోపల అయస్కాంతం తిరుగుతుంది, దాన్ని ఆనుకుని రాగితీగ చుట్ట కదలకుండా ఉంటుంది. అయస్కాంతం ఊరికే కూర్చుంటే తీగలో ఏమీ పుట్టదు. ఉత్తరధ్రువం తప్పుకుని దక్షిణధ్రువం ఎదురుకొస్తూ ఉండాలి. ఆ మార్పు ఎంత తొందరగా జరిగితే అంత వోల్టేజి. 1831లో మైకేల్ ఫారడే పట్టుకున్న రహస్యం ఇదే. వేగం రెట్టింపైతే తీగలో పుట్టే వోల్టేజీ రెట్టింపే.

"మరి గట్టు దిగేటప్పుడు బల్బు మాడిపోదా తాతయ్యా?"

భలే అడిగావు! ఆ డైనమో మామూలుగా 6 వోల్టులు, 3 వాట్లది. వేగం పెరిగేకొద్దీ కరెంటు అటూ ఇటూ దిశ మార్చుకోవడమూ జోరందుకుంటుంది. అలా జోరుగా మారే కరెంటుకి ఆ తీగచుట్టే అడ్డుపడుతుంది. ఎంత జోరో అంత అడ్డు. అందుకే బల్బుకి చేరే కరెంటు ఒక హద్దు దాటదు. నాకు డైనమోలో అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే. కాకపోతే ముందు బల్బు మాడిందంటే దాని వాటా కూడా వెనక చిట్టి ఎర్రబల్బు మీద పడి, అదీ మాడేది.

పవర్‌హౌసులో వేగాన్ని ఇష్టమొచ్చినట్టు మారనివ్వరు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు కదా, రెండు ధ్రువాల జనరేటరు నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే. అక్కడ తిరిగేది విద్యుదయస్కాంతం. వోల్టేజి తగ్గితే దాని బలం పెంచుతారు.

ఇక నీ పాత బొమ్మకారు మోటారు పట్రా. దాని రెండు తీగలకీ ఎర్ర ఎల్ఈడీ కలుపుదాం. ఇరుసుని వేళ్లతో మెల్లగా తిప్పు. వెలగలేదా? దానికి 2 వోల్టులకి దగ్గరగా కావాలి మరి. ఇప్పుడు ఇరుసుకి దారం చుట్టి సర్రున లాగు. అప్పటికీ వెలగకపోతే ఎల్ఈడీ కాళ్లు అటుదిటు మార్చి మళ్లీ లాగు.