లైను దూరమైతే... ఇంటర్వ్యూ భారమే!

ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వెనక గోడ శుభ్రంగా కనిపించేలా కుర్చీ సర్దుకున్నారు. ‘మీ గురించి చెప్పండి’ అని ప్యానెల్ అడిగింది. మీరు చెప్పడం మొదలుపెట్టారు. అరనిమిషానికి అవతలి నుంచి ఒకటే మాట: ‘మీ మాట వినపడటం లేదు’. తెర మీద మీ బొమ్మ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. తప్పు మీది కాదు, నష్టం మాత్రం మీదే!

ప్రాంగణ నియామకాల తొలి రౌండ్లు, కోడింగ్ పరీక్షలు, హెచ్ఆర్ ఇంటర్వ్యూలు చాలావరకు ఇప్పుడు ఇంటి నుంచే. అందుకే ఇంట్లో నెట్ ఎలా ఉందన్నది వినోదం సంగతి కాదు, ఉద్యోగం సంగతి. మరి ఒకే కంపెనీ, ఒకే ప్లాన్, ఒకే బిల్లు అయినా మీ స్నేహితుడి ఇంట్లో పరుగెత్తే నెట్ మీ ఇంట్లో ఎందుకు నత్తనడక నడుస్తోంది? టెలిఫోన్ తీగ మీద వచ్చే కనెక్షన్ అయితే మొదట చూడాల్సింది ఎక్స్ఛేంజ్ నుంచి దూరం.

రాగి తీగలో ఏం జరుగుతుంది?

ల్యాండ్‌లైన్ తీగ మాటల కోసం వేసింది. మన గొంతుకు 4 కిలోహెర్ట్జ్ లోపు సరిపోతుంది. అదే తీగ మీద ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ పద్ధతి 2.2 మెగాహెర్ట్జ్ వరకు వాడుకుంటుంది. చిక్కల్లా ఇక్కడే. పౌనఃపున్యం పెరిగేకొద్దీ, తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. దీన్నే అటెన్యుయేషన్ అంటారు. అర మిల్లీమీటరు రాగి తీగలో 300 కిలోహెర్ట్జ్ దగ్గర ఇది కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్స్. అంటే 5 కిలోమీటర్లకు 70 డెసిబెల్స్. సులువుగా చెప్పాలంటే, ఎక్స్ఛేంజ్ పంపిన శక్తిలో మీ మోడెమ్‌కు చేరేది కోటిలో ఒక వంతు!

ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్‌లో గరిష్ఠ వేగం 24 ఎంబీపీఎస్ అని రాస్తారు. అది ఎక్స్ఛేంజ్ పక్కనే ఉన్నవాళ్లకు. తీగ బాగుంటే అందే వేగాలు సుమారుగా ఇలా ఉంటాయి:

• 1 కి.మీ. లోపు: 20 ఎంబీపీఎస్, ఆపైన
• 2 కి.మీ.: 15 ఎంబీపీఎస్ దరిదాపుల్లో
• 3 కి.మీ.: 8 ఎంబీపీఎస్
• 4 కి.మీ.: 4 ఎంబీపీఎస్
• 5 కి.మీ.: 2 ఎంబీపీఎస్, లేదా అంతకంటే తక్కువ

ఇంకో మాట. ఈ దూరం తీగ పొడవు. మ్యాప్‌లో ఎక్స్ఛేంజ్ కిలోమీటరే కనిపించొచ్చు. తీగ మాత్రం వీధి డబ్బాలన్నీ చుట్టి రెండు కిలోమీటర్లు తిరిగి రావచ్చు.

మీ ముఖం వెళ్లేది అప్‌లోడ్‌లో

ప్రకటనల్లో కనిపించే అంకె డౌన్‌లోడ్ వేగం. ఇంటర్వ్యూలో మీ ముఖం, మీ మాట వెళ్లేది అప్‌లోడ్ దారిలో. ఏడీఎస్‌ఎల్‌లో అది మామూలుగా 1 ఎంబీపీఎస్ చుట్టూనే ఉంటుంది. స్పష్టమైన హెచ్‌డీ వీడియోకు 1 నుంచి 1.5 ఎంబీపీఎస్ కావాలి. అదే సమయంలో పక్క గదిలో తమ్ముడి ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కు పంపుతుంటే ఇక అంతే సంగతులు. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు రెండో అంకె కూడా చూడండి.

బిట్లు, బైట్లు కలిపేయొద్దు. 8 మెగాబిట్లు కలిస్తేనే ఒక మెగాబైట్. 8 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకు దిగేది ఒక్క మెగాబైటే. మోసపోయామని ఆపరేటర్‌తో గొడవపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

మీ లైను ఆరోగ్యం మీరే చూడొచ్చు

మోడెమ్ వెనక స్టిక్కర్ మీద ఉన్న చిరునామా, చాలా వాటిలో 192.168.1.1, బ్రౌజర్‌లో కొట్టండి. లాగిన్ అయ్యాక డీఎస్‌ఎల్ స్టేటస్ పేజీలో రెండు అంకెలు కనిపిస్తాయి.

లైన్ అటెన్యుయేషన్: 20 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలా మంచిది. 60 దాటితే ఇబ్బందే.

ఎస్ఎన్ఆర్ మార్జిన్: సంకేతం రొదను దాటి, నిలబడటానికి కావాల్సిన దానికంటే ఎంత ఎక్కువ ఉందో ఇది చెబుతుంది. 6 కంటే తక్కువైతే లైను మాటిమాటికీ తెగుతుంది.

అటెన్యుయేషన్ ఎక్కువుంటే దూరమే కారణం కావచ్చు. అటెన్యుయేషన్ తక్కువగానే ఉండి మార్జిన్ పడిపోతుంటే తీగలో లోపం వెతకాలి. వానకు తడిసిన జాయింటు, తుప్పు పట్టిన కొస, స్ప్లిట్టర్ లేకుండా కలిపిన ఫోన్... ఇలా ఏదైనా కావచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ స్లో’ అనకుండా ఈ రెండు అంకెలూ చెప్పండి. లైన్‌మన్‌కు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. దూరాన్ని ఎవరూ తగ్గించలేరు కానీ, వేగం కాస్త తగ్గించి మార్జిన్ పెంచే ప్రొఫైల్ పెట్టమని అడగొచ్చు. ఇంటర్వ్యూకి తెగుతూ వచ్చే 4 ఎంబీపీఎస్ కంటే నిలకడగా ఉండే 2 ఎంబీపీఎస్ నయం.

ఫైబర్‌కు దూరం పట్టదా?

పడుతుంది కానీ చాలా తక్కువ. గాజు తంతువులో కాంతిని దూరం పంపొచ్చని 1966లో వాదించిన చార్లెస్ కావ్‌కు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. నేటి ఫైబర్‌లో 1310 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు 0.35 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. రాగిలో కోటిలో ఒక వంతు మిగిలిన ఆ 5 కిలోమీటర్లకు ఫైబర్‌లో మూడింట రెండు వంతులు మిగులుతుంది. అందుకే జీపాన్ పద్ధతిలో 20 కిలోమీటర్ల దూరానికీ కనెక్షన్ ఇవ్వగలుగుతున్నారు.

అయినా ఫైబర్ ఇంట్లో సాయంత్రం నెమ్మదిస్తోందా? అక్కడ సమస్య దూరం కాకపోవచ్చు, పంపకం కావచ్చు. జీపాన్‌లో ఒక తంతువు మీద వచ్చే 2.5 జీబీపీఎస్‌ను సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడితే ఒక్కో ఇంటికి దక్కేది సుమారు 78 ఎంబీపీఎస్. ఇక పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో తెగింది, లేదా బాగా వంగింది. రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫిర్యాదు చేయాల్సిందే.

ఇంట్లోనూ దూరమే శత్రువు. రౌటర్ హాల్లో, మీరు రెండు గోడల అవతల పడకగదిలో ఉంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్ కూడా పదికి పడిపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్ వైఫై దగ్గర్లో వేగంగా ఉంటుంది, గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ.

ఇంటర్వ్యూ ముందు రోజు

• ఇంటర్వ్యూ జరిగే సమయానికే, అదే గదిలో, అదే ల్యాప్‌టాప్‌తో స్పీడ్ టెస్ట్ చేయండి.
• ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు నేరుగా కలపండి. ఈ ఒక్క పనితో వైఫై తలనొప్పులన్నీ తప్పుతాయి.
• అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ లోపు ఉంటే హెచ్‌డీ వీడియో ఆపేయండి. మాట స్పష్టంగా వెళ్లడం ముఖ్యం.
• ఆ గంటసేపు మిగతా ఫోన్లలో వైఫై ఆపమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.
• వేరే నెట్‌వర్క్ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. దాన్నీ ఒకసారి పరీక్షించండి.
• హెచ్ఆర్ ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. లైను తెగితే వెంటనే ఫోన్ చేసి చెప్పండి. మౌనంగా మాయమవడమే మిమ్మల్ని దెబ్బతీస్తుంది.
• ఊళ్లో ఏదీ కుదరకపోతే కాలేజీ ల్యాబ్‌ను గానీ పట్టణంలోని బంధువుల ఇంటిని గానీ ముందే మాట్లాడుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇదే ప్రశ్న అడిగితే?

ఈసీఈ, సీఎస్ఈ విద్యార్థులూ, ‘దూరం పెరిగితే వేగం ఎందుకు తగ్గుతుంది?’ అన్నది ఇంటర్వ్యూకు తగిన ప్రశ్న. ‘సిగ్నల్ వీక్ అవుతుంది సార్’ అని ఆగిపోకండి. 1948లో షానన్ చెప్పిన సూత్రంతో మొదలుపెట్టండి: లైను సామర్థ్యం బ్యాండ్‌విడ్త్ మీద, సంకేతానికీ రొదకూ మధ్య నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ తన బ్యాండ్‌ను 512 చిన్న భాగాలుగా విడగొడుతుంది. దూరం పెరిగితే మొదట పై పౌనఃపున్యాల భాగాలు పనికిరాకుండా పోతాయి. మిగిలినవాటిలోనూ నిష్పత్తి 3 డెసిబెల్స్ తగ్గినప్పుడల్లా సుమారు ఒక బిట్ తగ్గించి పంపాలి. అదే ఫైబర్ గురించి అడిగితే లెక్క వేసి చూపండి: 28 డెసిబెల్స్ బడ్జెట్‌లో 32 ఇళ్ల స్ప్లిట్టర్‌కు 17, 20 కిలోమీటర్లకు 7, మిగిలిన 4 కనెక్టర్లకు, జాయింట్లకు. పుస్తకం చదివినవాడికీ, చదివింది తన ఇంటి మోడెమ్‌లో చూసినవాడికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

గేట్ ఈసీ సిలబస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్లు, ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి ప్రయాణం ఉన్నాయి. మీ ఇంటి లైనే ఆ పాఠాలకు ప్రయోగశాల.

ఈ తీగల్లోనే కొలువులు

రాగి తీగలు పోయి ఫైబర్ వస్తున్నకొద్దీ చేతిపని తెలిసినవాళ్ల అవసరం పెరుగుతోంది. తంతువులను అతికించే స్ప్లైసర్లు, ఓటీడీఆర్ యంత్రంతో తెగిన చోటు పట్టేవాళ్లు, ఇళ్లలో కనెక్షన్ ఇచ్చే టెక్నీషియన్లు కావాలి. టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికల్లో ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్, ఆప్టికల్ ఫైబర్ టెక్నీషియన్, బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ ఉన్నాయి. ఐటీఐ, డిప్లొమా వాళ్లు వీటిని చూడొచ్చు. పంచాయతీలకు ఫైబర్ చేర్చే భారత్‌నెట్, ఏపీ ఫైబర్‌నెట్, టీ-ఫైబర్ లాంటి ప్రాజెక్టుల పనులు ఊళ్లలోనే జరుగుతాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లు నెట్‌వర్క్ ప్లానింగ్, నెట్‌వర్క్ ఆపరేషన్స్ వైపు చూడొచ్చు.

ఎక్స్ఛేంజ్‌ను మీ ఇంటికి దగ్గరగా జరపలేరు. ఎంత దూరంలో ఉందో తెలుసుకోగలరు, తెలుసుకుని సిద్ధపడగలరు. ఇవాళ సాయంత్రమే మోడెమ్ పేజీ తెరిచి ఆ రెండు అంకెలు రాసుకోండి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక వెతుక్కునే పని కాదది.