గొంతులో పిల్లల్ని మోసే నాన్న

ముఖచిత్ర కథనం

తొలకరి రాత్రి చెరువు గట్టు నుంచి బెకబెకలు వినిపిస్తేగానీ వానాకాలం వచ్చినట్టు అనిపించని ఊళ్లో పెరిగాను. అందుకే ‘ఈసారి ముఖచిత్ర కథనం కప్పల మీద, వారంలో కావాలి’ అని ఎడిటర్‌గారు చెప్పగానే సంబరపడ్డాను. చదవడానికి కుప్పలుగా దొరికింది. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఒక్కటే. స్పెయిన్ ప్రకృతి శాస్త్రవేత్త మార్కోస్ హిమెనెజ్ డి లా ఎస్పాడా 1872లో లోకానికి చెప్పిన సంగతి అది.

దక్షిణ చిలీ అడవుల్లోని ఒక చిన్న కప్ప ఒంట్లో పిల్లలు కనిపించేవి. గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే తల్లికప్ప అయి ఉంటుందని అంతకుముందు అనుకున్నారు. ఎస్పాడా భద్రపరిచిన నమూనాలను కోసి చూశాడు. పిల్లలున్నది కడుపులో కాదు, గొంతు కింది సంచిలో. మోస్తున్నవి తల్లులు కావు, తండ్రులు. ఆడకప్పను పిలవడానికి మగకప్ప గాలి నింపి కూసే సంచే అది!

తండ్రి కడుపున పుట్టిన మాంధాత కథ వింటూ పెరిగినవాళ్లం మనం. అయినా ఈ డార్విన్ కప్ప కాపురం తెలిశాక ఆశ్చర్యం ఆగలేదు. ఆడకప్ప రాలిన ఆకుల మధ్య తడినేల మీద గుడ్లు పెడుతుంది. దాదాపు మూడు వారాలకు గుడ్లలో పిల్లలు కదలడం మొదలవుతుంది. అప్పుడు మగకప్ప వాటిని నోట్లోకి తీసుకుంటుంది. మింగదు. నోటి అడుగునున్న చీలికల గుండా అవి గొంతుసంచిలోకి జారతాయి. ఆ సంచి పొట్ట చర్మం కిందికి సాగి, పక్కలదాకా ఉబ్బుతుంది. తోకకప్పలు తమ సొనతోనూ, సంచి గోడల్లో ఊరే ద్రవంతోనూ లోపలే పెరుగుతాయి. కాళ్లు మొలిచి, తోక కరిగి, కొన్ని వారాల తర్వాత తండ్రి నోటి నుంచి బుల్లి కప్పలై బయటికి దూకుతాయి. అవి పెరగడానికి చెరువు అక్కర్లేదు, కుంట అక్కర్లేదు. తండ్రే వాటి చెరువు.

ఇక చరిత్ర. బీగిల్ నౌకాయానంలో (1831–36) ఛార్లెస్ డార్విన్ ఈ కప్పను సేకరించాడు. 1841లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ద్యుమెరీల్, బిబ్రోన్ దీనికి రైనోడెర్మా డార్వినీ అని ఆయన పేరే పెట్టారు. చిలీలోనూ, దాన్ని ఆనుకున్న అర్జెంటీనాలోనూ ఉండే చల్లని, తేమ నిండిన అడవులే దీని ఇల్లు.

చూస్తే ఇలా ఉంటుంది

• పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ముక్కు కొసన మెత్తని కండ మొన తేలి ఉంటుంది.

• వీపు పచ్చన లేదా గోధుమ రంగు, రాలిన ఆకులాగే. పొట్ట మీద నలుపు తెలుపు మచ్చలు. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు. పరిశోధకులు ఆ మచ్చల ఫొటోలతోనే ఒక్కో కప్పను గుర్తుపడతారు.

• ప్రమాదం వస్తే వెల్లకిలా పడి చచ్చినట్టు నటిస్తుంది.

• దీని దగ్గరి చుట్టం రైనోడెర్మా రూఫమ్ 1980ల తొలినాళ్ల నుంచి ఎవరికంటా పడలేదు.

ఈ నాన్నకు వచ్చిన కష్టాలు రెండు. ఒకటి, అడవులు పోయి పైన్, యూకలిప్టస్ తోటలు రావడం. మన దగ్గర జామాయిల్ అంటున్న చెట్టే ఈ యూకలిప్టస్. 1974 నాటి చిలీ చట్టం ఇలాంటి తోటలకు రాయితీలిచ్చింది. రెండోది, కైట్రిడ్ అనే శిలీంధ్రం. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది, చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. ఈ బూజు ఆ చర్మాన్నే పాడుచేస్తుంది. ఒంట్లో లవణాల సమతుల్యం తప్పి చివరికి గుండె ఆగిపోతుంది. 2023లో ఆ బూజు చిలీలోని చిలోయే దీవిలో ఉన్న తాంతావ్‌కో పార్కులోనూ బయటపడింది. పరిశోధకులు గమనిస్తున్న చోట్ల ఏడాదిలోనే 90 శాతానికి పైగా కప్పలు పోయాయి. మోస్తున్న తండ్రి చనిపోతే గొంతులోని పిల్లలూ పోతాయి. ఒక్క చావుతో ఒక కుటుంబమే తుడిచిపెట్టుకుపోతుంది.

కాపాడినా అదే లెక్క. 2024 అక్టోబరులో చిలీ, బ్రిటన్ శాస్త్రవేత్తలు వ్యాధి సోకని యాభైకి పైగా కప్పలను ఆ పార్కులో వెతికి పట్టుకున్నారు. వాతావరణాన్ని అదుపులో ఉంచే పెట్టెల్లో పెట్టి పడవ, కారు, విమానాల్లో 11 వేల కిలోమీటర్ల దూరంలోని లండన్ జూకు చేర్చారు. వాటిలో 11 మగవాటి గొంతుల్లో పిల్లలున్నాయి. ఆ తండ్రుల నోటి నుంచి 33 పిల్లలు క్షేమంగా బయటికి వచ్చాయి. ఈ వార్త చదివాక నాకు కడుపు నిండినట్టయింది.

అయినా జూ గది అడవి కాదు. మిగిలిన చిలీ అడవులను తోటలకు బలిపెట్టకుండా ఆపాలి. శిలీంధ్రం మనిషి బూట్ల బురదతోనూ ప్రయాణిస్తుంది కాబట్టి, కప్పలున్న తడినేలలకు వెళ్లేవాళ్లు ఏ దేశంలోనైనా బూట్లు కడిగి, ఆరబెట్టి అడుగుపెట్టాలి. ఆ 33 పిల్లల సంతతి తిరిగి చిలోయే ఆకుల మీద దిగిన నాడే వాటిని కాపాడినట్టు లెక్క.