పొయ్యి మోసుకుని నడిచిన బస్సు

బందరు దగ్గరి మంగినపూడి తీరం నుంచి నేరుగా తూర్పుకు వెళ్తే దారిలో ఎక్కడా నేల తగలదు. సముద్రం దాటాక వచ్చేది బర్మాలోని ఐరావతి డెల్టా. ఒకప్పుడు కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది కూలికోసం రంగూన్ ఓడ ఎక్కేవారు. అటునుంచి బియ్యం, టేకు, కిరసనాయిలు, పెట్రోలు వచ్చేవి. మన దేశంలో నడిచిన మోటార్లకు బర్మా చమురు పెద్ద ఆధారం. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్‌లో వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సేన, శత్రువుకు దక్కకూడదని యేనాన్‌జావ్ చమురు బావులను తానే ధ్వంసం చేసింది. అదే నెల 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అప్పటికే రేషన్‌లోకి వెళ్లిన పెట్రోలు ఇప్పుడు మరీ కరువైంది.

బస్సులు మాత్రం ఆగలేదు. వాటి వెనక భాగానికి మనిషెత్తు ఇనుప డ్రమ్ము ఒకటి వచ్చి చేరింది. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు. ఆనాటి ప్రయాణాల గురించి కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లు చెప్పుకునే కబుర్లలో ఈ డ్రమ్ము తప్పకుండా వస్తుంది: తెల్లవారకముందే లేచి నిప్పు రాజేసే క్లీనరు, నిప్పుకు గాలి కొట్టేందుకు అతను గిరగిరా తిప్పే పంకా, ఒళ్లంతా మసి, బండి కదిలేలోపు విసుగెత్తిపోయే ప్రయాణికులు. ఈ యంత్రాన్ని జ్ఞాపకాల్లో వింతగా మిగిల్చి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందులో మంచి రసాయనశాస్త్రం ఉంది.

డ్రమ్ములో పైనుంచి కట్టెబొగ్గు పోస్తారు. కింద నిప్పు ఉంటుంది. దానికి కావలసినంత గాలి ఇవ్వరు, కొలతగా కొద్దిగానే ఇస్తారు. బొగ్గు కాలి మొదట కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కణకణలాడే బొగ్గుల మధ్య నుంచి వెళ్తూ అది మరో కార్బన్ పరమాణువును కలుపుకుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. లోపలున్న కాస్త తడి ఆవిరై, అదే నిప్పు తగిలి హైడ్రోజన్ విడుస్తుంది. ఈ రెండూ మండే వాయువులే. డ్రమ్ములో సగమే కాల్చి, మిగిలిన మంటను ఇంజిను సిలిండరుకు అట్టేపెట్టడం ఇక్కడి ఉపాయం. నిప్పు వేడి 1,000 డిగ్రీలు దాటితేనే ఈ మార్పు సరిగా జరుగుతుంది. అలా వచ్చిన వాయువును గొట్టాల్లో చల్లార్చి, బూడిద వడగట్టి, గాలి కలిపి ఇంజినులోకి వదులుతారు. ఇంజిను ఒకసారి అందుకుంటే ఆ తర్వాత తనే వాయువును లాక్కుంటుంది. క్లీనరు చేతికి అప్పుడు విశ్రాంతి.

కట్టెపుల్లలే నేరుగా వేస్తే తారు వస్తుంది. అది వాల్వులకు అంటుకుని ఇంజిను బిగుసుకుపోతుంది. ఆ చిక్కు విప్పినవాడు ఆల్సేస్-లొరేన్ ప్రాంతంలో పుట్టిన జార్జ్ ఇంబెర్ అనే రసాయనవేత్త. 1920లలో ఆయన వాయువును పైకి కాకుండా కిందికి, నిప్పు మధ్య నుంచే లాగే పొయ్యిని తయారుచేశాడు. తారు ఆ మంటలోనే విరిగి వాయువుగా మారిపోతుంది. యుద్ధకాలంలో యూరప్‌లో చాలా బండ్లు ఆ తరహా పొయ్యి మీదే తిరిగాయి. చమురు దిగుమతి ఆగిపోయిన స్వీడన్‌లోనే సుమారు 70 వేల వాహనాలు ఇలా నడిచాయి.

లోపాలు చిన్నవేమీ కావు. ఈ వాయువులో దాదాపు సగం నైట్రోజన్, అంటే మండని సరుకు. అందువల్ల పెట్రోలు ఇంజిను బలం మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా పడిపోతుంది. నిప్పు రాజుకోవడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మూసిన షెడ్డులో అది నిండితే మనిషి ప్రాణం పోయేదాకా తెలియదు. కొండదారుల్లో ఇలాంటి బండి నానా అవస్థ పడాలి. కానీ మన కృష్ణా డెల్టా బల్లపరుపు నేల. గుడివాడ నుంచి బందరు దాకా బండికి ఎదురయ్యే ఎత్తులన్నీ కాలువ గట్లూ వంతెనలే. అక్కడ ప్రయాణికులు దిగి ఒక తోపు తోస్తే గండం గడిచినట్టే.

ఖర్చు లెక్క చూద్దాం. లీటరు పెట్రోలు చేసే పనికి కిలోన్నర కట్టెబొగ్గు కావాలి. బందరు నుంచి విజయవాడకు 70 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్లు నడిచే బస్సుకు 14 లీటర్లు, అంటే సుమారు 20 కిలోల బొగ్గు. పాతపద్ధతి బట్టీలో కిలో బొగ్గు దిగడానికి అయిదు కిలోల దాకా కట్టె పోతుంది. ఒక్క ప్రయాణానికి క్వింటాలు కట్టె అన్నమాట! సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు ఎన్ని ఉన్నా, ఇవాళ్టి వాహనాల సంఖ్యకు ఈ లెక్క నిలవదు. యుద్ధకాలంలో బస్సులు కొద్ది కాబట్టి సరిపోయింది.

యుద్ధం ముగిసింది, పెట్రోలు తిరిగొచ్చింది. డ్రమ్ములు పాత ఇనుము కొట్లకు చేరాయి. పెట్రోలులో చక్కెర మడ్డి సారాయిని కలిపే ఉద్దేశంతో 1948లో పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చినా, చమురు చవకగా దొరికినన్నాళ్లు దాని అవసరం ఎవరికీ పెద్దగా కనిపించలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించి ధర నాలుగింతలయ్యాక పరిశోధకులు మళ్లీ పాత పొయ్యివైపు చూశారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు దానికి మెరుగులు దిద్దారు. 1988లో కర్ణాటకలోని హోసహళ్లి అనే చిన్న పల్లెలో కట్టె వాయువుతో ఇళ్లల్లో దీపాలు వెలిగించారు. 2007లో బీహార్‌లో హస్క్ పవర్ సంస్థ వరి ఊకతో ఇదే పని చేసింది. సౌరవిద్యుత్తు చవకయ్యాక అది కూడా అటు మళ్లింది. ఈ యంత్రం జీవితమంతా ఇంతే. చమురు ప్రియమైతే పిలుపు వస్తుంది, చవకైతే మూలన పడుతుంది. పనితనం అందరికీ తెలిసిందే, అయినా దానికి నిలకడైన ఆదరణ దక్కలేదు.

ఇప్పుడు బంకులో లీటరు పెట్రోలు వంద దాటి చాలా కాలమైంది. అందులో అయిదో వంతు ఇథనాలే, అంటే 1948 చట్టం తలచిన సారాయే. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన ఈ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అందుకే బండి మైలేజీ కొంత తగ్గుతుంది. మొదట చెరకు మడ్డి మీద నడిచిన ఈ పథకం తర్వాత బియ్యం, మొక్కజొన్నల వైపు విస్తరించింది. 2023 జూలైలో బియ్యం ధరలకు భయపడి భారత ఆహార సంస్థ గోదాముల బియ్యాన్ని డిస్టిలరీలకు ఆపేశారు, తర్వాత మళ్లీ వదిలారు.

కృష్ణ నీళ్లతో పండే ఊళ్లవాళ్లు దీని గురించి గట్టిగా మాట్లాడాలి. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. కిలో బియ్యం పండడానికి రెండు మూడు వేల లీటర్ల నీరు పడుతుంది. అంటే లీటరు ఇథనాల్ వెనక అయిదారు వేల లీటర్ల నీళ్లున్నాయి. కాలువల చివరి భూములకు, దివిసీమ చేలకు ఆ నీరు ఎంత కష్టపడి చేరుతుందో, చేరనప్పుడు ఉప్పు ఎలా పైకి ఎగదన్నుతుందో ఇక్కడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. తడిసి రంగు మారిన ధాన్యాన్ని, చెరకు మడ్డిని ఇంధనంగా మార్చండి, సంతోషమే. తినే బియ్యాన్ని, అందులోనూ ఇంత నీరు తాగిన బియ్యాన్ని ట్యాంకులో పోయడం నాకు సమ్మతం కాదు.

ఊక సంగతి వేరు. టన్ను ధాన్యం ఆడితే 200 కిలోల ఊక మిగులుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లకు, ఇటుక బట్టీలకు కొంత పోతుంది. మిగతాదాన్ని పొయ్యిలో వాయువుగా మార్చి జనరేటరు నడపొచ్చు. రెండు కిలోల ఊకకు ఒక యూనిట్ కరెంటు లెక్కన మొత్తం 200 కిలోలకు 100 యూనిట్లు వస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటరు యూనిట్‌కు 30 కిలోమీటర్లు నడుస్తుంది. మిల్లు అవసరానికి సగం తీసేసినా, టన్ను ధాన్యం పొట్టుతో ఒక స్కూటరు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. అదే టన్ను ధాన్యంలోని బియ్యాన్ని ఇథనాల్ చేస్తే 300 లీటర్ల దాకా వస్తుంది, బండి అంతకంటే చాలా దూరమే పోతుంది, నిజమే. కానీ ఊకతో నడిపినప్పుడు బియ్యం వంటింట్లోనే ఉంటాయి.

ఊక పొయ్యికి కట్టెబొగ్గు పొయ్యి కంటే చాకిరీ ఎక్కువ. ఊకలో అయిదో వంతు బూడిదే, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా. వేడి హద్దు మీరితే అది కరిగి గట్టి గడ్డ కట్టి జాలీని మూసేస్తుంది. వాయువును కడిగిన నీళ్లలో తారు, ఫినాల్ దిగుతాయి. వాటిని శుద్ధి చేయకుండా మురుగు కాలువలోకి వదిలితే చేపల చెరువులకు ముప్పు. అందుకే మిల్లుకో చిన్న పొయ్యి పెట్టడం కంటే, గుడివాడ లాంటి చోట నాలుగైదు మిల్లుల ఊకను ఒక్కచోట చేర్చి, నీటి శుద్ధికి ఏర్పాటు చేసి, పగలు సూర్యుడితో, రాత్రి ఊకతో నడిచేలా కడితే ఖర్చూ కలిసొస్తుంది, పొయ్యి దగ్గర చేయి తిరిగిన మనుషులూ దొరుకుతారు.