మన్యం మొర వినే ఫోను

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ అందేదాకా పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, ఇంటర్నెట్ కోసం ఉపగ్రహం మీదే బతికింది. ఆస్టినాబాద్‌లాంటి పేటల్లో ఒక వీడియో తెరుచుకోవాలన్నా గంటల తరబడి పడిగాపులే. అవతలివాళ్లకు మన మాట చేరకపోతే ఎలా ఉంటుందో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

మాట చేరని మన్యం నుంచి ఒకప్పుడు ఈ దీవులకే ఒక ఖైదీ వచ్చాడు. ఆయన అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దాష్టీకం... మొర ఆలకించే నాథుడు లేక 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద దాడితో ఫితూరీ మొదలైంది. ద్వీపాంతరం నుంచి బతికి బయటపడ్డ మల్లుదొర తొలి సాధారణ ఎన్నికల్లో గెలిచి 1952లో లోక్‌సభలో కూర్చున్నారు.

అపహరణ నుంచి చర్చలకు

మన్యం మొర మాత్రం అక్కడితో ఆగలేదు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు ప్రాంతంలో నక్సలైట్లు కొందరు అధికారులను అపహరించారు. వారిలో దళితులు, గిరిజనుల పక్షపాతిగా పేరున్న ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ ఒకరు. విడుదలయ్యాక ఆయన పగ పెంచుకోలేదు. పదవీ విరమణ తర్వాత 1997లో పొత్తూరి వెంకటేశ్వరరావు, ప్రొఫెసర్ హరగోపాల్ తదితరులతో కలిసి పౌర స్పందన వేదికను నడిపించారు. ఇటు ఎన్‌కౌంటర్లనూ అటు నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించారు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చున్నాయంటే దాని వెనక ఏళ్ల తరబడి వేదిక పడ్డ శ్రమ ఉంది. మూణ్నెల్లు తిరక్కుండానే చర్చలు చెడిపోయాయి.

1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థకు పునాది వేసిన యోహాన్ గాల్టుంగ్ వాదన ఇక్కడ గుర్తుకొస్తుంది. తుపాకీ మోగకపోవడమొక్కటే శాంతి కాదు, తుపాకీ పట్టించిన అన్యాయం కూడా పోవాలి.

ఒకటి నొక్కితే చెప్పొచ్చు

ఆ అన్యాయం ఏమిటో బాధితుల నోటే వినాలని బయల్దేరిన విలేకరి శుభ్రాంశు చౌధరి. బీబీసీలో పనిచేసిన ఆయన 2010లో ఛత్తీస్‌గఢ్ అడవుల కోసం ‘సీజీనెట్ స్వర’ మొదలుపెట్టారు. పత్రిక రాని, కరెంటు లేని పల్లెలకు మామూలు కీప్యాడ్ ఫోను చాలు. మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే సమస్య చెప్పొచ్చు, రెండు నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. ఆగిపోయిన ఉపాధి కూలి, పాడైన చేతిపంపు, రేషన్ డీలరు మోసం... గోండిలో చెప్పినా సరే. నిజానిజాలు చూసుకున్నాక, సంబంధిత అధికారి నంబరు కూడా జోడించి వినిపిస్తారు. ఎక్కడెక్కడి శ్రోతలో ఆ అధికారికి ఫోన్లు చేస్తారు. సిగ్నల్ లేని ఊళ్లకు ఇవే రికార్డింగులు బ్లూటూత్‌తో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు వెళ్లాయి. జనం దానికి పెట్టుకున్న పేరు ‘బుల్టూ రేడియో’.

చౌధరి ఫోనుతో సరిపెట్టలేదు. 2018 గాంధీ జయంతి నాడు మన చింతూరు మండలం చట్టి నుంచి జగదల్‌పూర్‌కు శాంతి పాదయాత్ర బయల్దేరింది. చట్టినే ఎంచుకోవడంలో అర్థముంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల గుడిసెలు ఆ చుట్టుపక్కలే. ఎన్నో ఏళ్లుగా ఇక్కడున్నా వారి పోడు భూమికి పట్టా లేదు.

నెట్‌వర్క్ ఒక్కటే చాలదు

2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాసి నంబాళ కేశవరావు ఎన్‌కౌంటర్లో మరణించారు. లొంగుబాట్లు పెరిగాయి. అంతమాత్రాన గుత్తికోయ భూమి సంగతి తేలిపోలేదు. 2005 డిసెంబరు 13కు ముందు అన్యాయంగా నిర్వాసితులైన ఆదివాసులకు పునరావాసం ఇవ్వాలని అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ తేదీకి ముందు వచ్చామని నిరూపించుకోవడానికి వాళ్ల దగ్గరున్నది ఎక్కువగా నోటిమాటే. ఆ మాటను రికార్డు చేసే పరికరం ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది. లేనిదల్లా విని కదిలే కార్యాలయం.

కోయ, గోండి తెలిసిన యువతకూ, యాప్‌లు చేసే మన ఇంజినీర్లకూ ఇక్కడ చేతినిండా పని ఉంది. శాంతి అధ్యయనం చేయాలనుకునేవాళ్లు విదేశీ విశ్వవిద్యాలయం సీటు కోసం ఎదురుచూడనక్కర్లేదు, చింతూరు బస్సెక్కితే చాలు.