తొమ్మిదో బిడ్డ వస్తే ఏం చేస్తారు?

ఆస్ట్రేలియా చైల్డ్‌కేర్ ఉద్యోగమంటే పిల్లల్ని ఆడించడం ఒక్కటే కాదు. నిమిష నిమిషానికీ నిబంధనను నిలబెట్టడం. ఆ రంగం వైపు చూస్తున్నవారు ఫీజు, వీసాల కంటే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఉదయం 7.30. చైల్డ్‌కేర్ సెంటర్ అప్పుడే తెరిచారు. లోపల రెండేళ్లలోపు పిల్లలు 8 మంది ఉన్నారు. చూసుకోవడానికి ఇద్దరు ఎడ్యుకేటర్లు. అందులో ఒకరు మీరు. మూడో ఎడ్యుకేటర్ షిఫ్ట్ 8 గంటలకు. ఇంతలో ఓ తల్లి పది నెలల బాబును ఎత్తుకుని గబగబా వచ్చింది. ‘ఆఫీసుకి లేటవుతోంది, కాస్త పట్టుకోండి’ అంటోంది. మీరేం చేస్తారు?

మన అలవాటు ప్రకారం ‘అరగంటే కదా, సర్దుకుందాం’ అంటాం. అక్కడ అలా అంటే చట్టాన్ని దాటినట్టే. రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్ ఉండాలి. ఎనిమిది మందికి ఇద్దరు సరిపోతారు. తొమ్మిదో బిడ్డ గడప దాటాలంటే మూడో ఎడ్యుకేటర్ ముందు లోపలికి రావాలి. సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పి, ఆ ఏర్పాటు జరిగేదాకా బాబును తల్లి దగ్గరే ఉంచమని మర్యాదగా అడగాలి. ఆ మాట అనాల్సింది యజమాని కాదు, గదిలో ఉన్న మీరే.

మీకెందుకీ సంగతి?

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైనే. చదువుకోవడానికి వెళ్లేవారు, పెళ్లయ్యాక జీవిత భాగస్వామితో వెళ్లేవారు అక్కడి ఉద్యోగాల గురించి అడిగినప్పుడు తరచూ వినిపించే పేరు చైల్డ్‌కేర్. బీటెక్, డిగ్రీ ఏది చేసినా ‘సర్టిఫికెట్ 3’ చేసి ఇందులోకి అడుగుపెట్టొచ్చు. అయితే కోర్సు ఫీజు ఎంత, గంటకు ఎంతొస్తుంది, పీఆర్ వస్తుందా అనే దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. ఈ రంగంలో నిబంధనలు ఎంత గట్టివో, వాటిని పాటించే బాధ్యత కొత్తగా చేరిన జూనియర్ మీద కూడా ఎంత ఉంటుందో ఎవరూ చెప్పరు. ఇంటర్వ్యూల్లో తడబడేది, చేరాక భయపడేది సరిగ్గా అక్కడే.

ఎవరు పెట్టారీ నిబంధనలు?

2012 జనవరి 1 నుంచి ఆస్ట్రేలియా అంతటా ‘నేషనల్ క్వాలిటీ ఫ్రేమ్‌వర్క్’ అమల్లో ఉంది. దానికి ఒక జాతీయ చట్టం, దాని కింద నిబంధనలు, నాణ్యత ప్రమాణాలు ఉన్నాయి. దేశవ్యాప్తంగా మార్గదర్శనం చేసే సంస్థ ఏసీఈసీక్యూఏ. సెంటర్లకు అనుమతులివ్వడం, తనిఖీ చేయడం, రేటింగ్ ఇవ్వడం ఆయా రాష్ట్రాల నియంత్రణ సంస్థల పని.

ప్రమాణాలను ఏడు భాగాలు చేశారు. బోధన, పిల్లల ఆరోగ్యం-భద్రత, భవనం-ఆవరణ, సిబ్బంది, పిల్లలతో సంబంధాలు, కుటుంబాలతో కలిసి పనిచేయడం, నిర్వహణ-నాయకత్వం. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ లాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాం. ఇక్కడ అవతల ఉన్నది ఏడాది పాప.

లెక్క ప్రతి నిమిషమూ సరిపోవాలి

ముందుగా కంఠస్థం రావాల్సింది నిష్పత్తి. రెండేళ్లలోపు నలుగురికి ఒకరు. రెండు నుంచి మూడేళ్లలోపు అయిదుగురికి ఒకరు (విక్టోరియాలో నలుగురికే ఒకరు). మూడేళ్లు దాటి బడికి వెళ్లని పిల్లలకు 11 మందికి ఒకరు (న్యూ సౌత్ వేల్స్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో 10 మందికి ఒకరు).

ఓ లెక్క వేద్దాం. పసిపిల్లలు 8, రెండేళ్లవాళ్లు 10, పెద్దపిల్లలు 22 మంది ఉన్నారనుకోండి. 2+2+2.. ఆరుగురు ఎడ్యుకేటర్లు కావాలి. జీతాల పట్టికలో ఆరుగురి పేర్లుంటే చాలా? చాలదు. పిల్లల దగ్గర స్వయంగా ఉండి, వాళ్ల పని చూస్తున్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఒకరు ఆఫీసు గదిలో కాగితాలు రాస్తున్నా, భోజనానికి వెళ్లినా ఆ కాసేపు ఆరుగురు అయిదుగురైపోతారు. అందుకే బ్రేక్ తీసుకునే ముందు వచ్చి నిలబడే రిలీవర్ ఎవరో రోస్టర్‌లో రాసి ఉంటుంది. ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పకుండా బయటికెళ్లడం ఈ ఉద్యోగంలో కుదరదు.

నిష్పత్తి సరిపోయినంత మాత్రాన పర్యవేక్షణ సరిపోయినట్టు కాదు. ఇద్దరు ఎడ్యుకేటర్లు ఒకే మూల నిలబడి మాట్లాడుకుంటుంటే, రెండో మూల జారుడు బల్ల దగ్గర పిల్లల్ని చూసేదెవరు? తగిన పర్యవేక్షణ లేకపోవడం చట్టప్రకారం నేరమే. గదిలోంచి ఆటస్థలానికి, అక్కణ్నుంచి మళ్లీ గదిలోకి మారిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టడం అందుకే.

జాగాకూ కొలత ఉంది. ఒక్కో బిడ్డకు గది లోపల 3.25 చదరపు మీటర్లు, బయట 7 చదరపు మీటర్ల వాడుకోదగ్గ స్థలం ఉండాలి. నడవాలు, టాయిలెట్లు, డైపర్ మార్చే చోటు, సామాన్ల గది ఇందులోకి రావు. అవన్నీ పోగా 65 చదరపు మీటర్లు మిగిలిన గదిలో 20 మందికే చోటు.

అర్హతల సంగతికొస్తే, నిష్పత్తి లెక్కలోకి వచ్చే ఎడ్యుకేటర్లలో కనీసం సగం మందికి డిప్లొమా ఉండాలి, లేదా వాళ్లు డిప్లొమా చేస్తూ ఉండాలి. మిగతావారికి సర్టిఫికెట్ 3 విషయంలోనూ ఇదే పద్ధతి. పిల్లలు 25 మంది లేదా అంతకంటే ఎక్కువుంటే అర్హత పొందిన ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచర్ తప్పనిసరి. ప్రథమ చికిత్స, తీవ్ర అలర్జీ, ఆస్తమా అత్యవసర శిక్షణలు పొందినవారు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. వీటికి తోడు పిల్లలతో పనిచేసేవారి నేపథ్య తనిఖీ ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో దీన్ని బ్లూ కార్డ్ అంటారు.

‘మీకు తెలుసుగా’ అంటే కుదరదు

మొహమాటం మనకు పెద్ద సమస్య. సాయంత్రం ఓ తెలుగాయన వచ్చి, ‘బాబు వాళ్ల బాబాయిని, నేను మీకు తెలుసుగా, తీసుకెళ్తా’ అంటారు. నిజంగానే మీకు తెలుసు. మొన్న ఉగాది వేడుకలో కలిశారు కూడా. అయినా తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతి జాబితాలో ఆయన పేరు లేకపోతే బాబును పంపకూడదు. నవ్వుతూనే చెప్పాలి, కానీ గట్టిగా చెప్పాలి.

మందులదీ అంతే. సంచిలో సిరప్ సీసా పెట్టి ‘మధ్యాహ్నం అయిదు ఎంఎల్ వేయండమ్మా’ అని నోటిమాటగా చెప్పి వెళ్తే సరిపోదు. రాతపూర్వక అనుమతి కావాలి. మందు అసలు ప్యాక్‌లో, లేబుల్‌తో ఉండాలి. గడువు దాటి ఉండకూడదు. ఒకరు మందు వేస్తుంటే ఇంకొకరు పక్కనే ఉండి బిడ్డ ఎవరు, మోతాదు ఎంత అని సరిచూడాలి. ఆ తర్వాత వివరాలు రాయాలి.

బిడ్డ వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్, సంతకం.. ఇవి రోజూ ఉండాల్సిందే. మంటలు చెలరేగితే బయటపడే రిహార్సల్ కనీసం మూడు నెలలకోసారి చేసి, అదీ రికార్డు చేయాలి. బిడ్డకు దెబ్బ తగిలితే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు తల్లిదండ్రులకు తెలియజేయాలి. తీవ్రమైన ఘటనైతే నియంత్రణ సంస్థకూ 24 గంటల్లోపే. ఆ ఘటన రికార్డును బిడ్డకు 25 ఏళ్లు వచ్చేదాకా భద్రపరచాలి. అంటే ఇవాళ మీరు రాసిన నాలుగు వాక్యాలను రెండు దశాబ్దాల తర్వాత ఎవరైనా తీసి చదవొచ్చు.

అందుకే రాయడమూ ఒక నైపుణ్యమే. ‘పాప అల్లరి చేస్తూ పడిపోయింది’ అన్నది మీ అభిప్రాయం. ‘10.40కి ఇసుక తొట్టి పక్కన తడి నేలపై కాలు జారి పడింది. కుడి మోకాలు చెక్కుకుంది. నీళ్లతో కడిగి, కోల్డ్ ప్యాక్ పెట్టాం. 10.50కి తల్లికి ఫోన్ చేశాం’ అన్నది రికార్డు.

యాప్ ఉంది కదా?

హాజరుకు, ఫొటోలకు, నిద్ర వేళలకు సెంటర్లు యాప్‌లు వాడుతున్నాయి. గదిలో ఎందరున్నారో, నిష్పత్తి సరిపోయిందో కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద చూపిస్తాయి. టెక్ అలవాటున్న మీకు ఇది కలిసొచ్చే అంశమే. కానీ యాప్‌కు తెలిసేది మనం నొక్కిన బటన్ వరకే. బ్రేక్‌కు వెళ్తూ లాగ్ అవుట్ కాకపోతే స్క్రీన్ మీద పచ్చ రంగు అలాగే ఉంటుంది, గదిలో మాత్రం మనిషి ఉండరు. పిల్లలు పడుకున్నప్పుడు పది నిమిషాలకోసారి చూసినట్టు టిక్ పెట్టడం తేలిక. లేచి వెళ్లి, ఊపిరి తీస్తున్న తీరు, ఒంటి రంగు చూడటమే పని. టిక్ దానికి రుజువు మాత్రమే.

ఫోన్ల విషయంలోనూ జాగ్రత్త. 2025లో మెల్‌బోర్న్‌లో ఓ చైల్డ్‌కేర్ ఉద్యోగిపై వచ్చిన తీవ్ర ఆరోపణల తర్వాత నిబంధనలు ఇంకా బిగిశాయి. పిల్లలతో ఉన్నప్పుడు సిబ్బంది సొంత ఫోన్లు వాడకుండా విక్టోరియా నిషేధించింది. పిల్లలపై వేధింపుల ఆరోపణలను నియంత్రణ సంస్థకు తెలపడానికి అంతకుముందు ఏడు రోజుల గడువుండేది. 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని 24 గంటలకు తగ్గించారు. ముద్దొచ్చే పాప ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవడం అక్కడ సరదా కాదు, ఉద్యోగం పోయే పని.

తనిఖీ అధికారి మిమ్మల్నే అడగొచ్చు

అధికారులు మూడు పనులు చేస్తారు. చూస్తారు, మాట్లాడతారు, కాగితాలు పరిశీలిస్తారు. ఫైల్లో పాలసీ చక్కగా ఉన్నా, ‘ఈ గదిలో అలర్జీ ఉన్న బిడ్డ ఎవరు? మందు ఎక్కడుంది?’ అని అడిగితే మీరు డైరెక్టర్ వైపు చూశారంటే ఆ పాలసీ కాగితానికే పరిమితమని వాళ్లకు అర్థమైపోతుంది. ఏడు భాగాల్లో ఏ ఒక్కటి ప్రమాణాన్ని అందుకోకపోయినా మొత్తం సెంటర్ రేటింగ్ ‘వర్కింగ్ టువర్డ్స్’ దగ్గర ఆగిపోతుంది. ఆరింటిలో బాగున్నామంటే కుదరదు. ఆ రేటింగ్‌ను తల్లిదండ్రులకు కనిపించేలా పెట్టాలి కూడా.

షార్ట్‌కట్ సర్టిఫికెట్‌కు ఆశపడొద్దు

‘రెండు వారాల్లో సర్టిఫికెట్ 3 ఇప్పిస్తాం’ అనేవాళ్లు తగిలితే ఈ చిన్న లెక్క వేయండి. సర్టిఫికెట్ 3కి సెంటర్‌లో కనీసం 160 గంటలు, డిప్లొమాకు కనీసం 280 గంటలు పనిచేయాలి. వారానికి 38 గంటల చొప్పున చూసినా ఒక్క ప్రాక్టికల్‌కే నాలుగు వారాలు దాటుతుంది. మరి రెండు వారాల్లో ఎలా వస్తుంది?

వృత్తి శిక్షణ నియంత్రణ సంస్థ ఏఎస్‌క్యూఏ 2024 చివరి నుంచి కొన్ని శిక్షణ సంస్థల రిజిస్ట్రేషన్‌తో పాటు వాటి నుంచి జారీ అయిన వేల సర్టిఫికెట్లనూ రద్దు చేసింది. వాటిలో ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సులూ ఉన్నాయి. డబ్బు పోవడం ఒక నష్టం. ఉద్యోగం మధ్యలో అర్హత లేనివారిగా మిగలడం అంతకంటే పెద్ద నష్టం. అన్నిటికీ మించి, బిడ్డకు గొంతులో ముద్ద అడ్డుపడినప్పుడు ఏం చేయాలో తెలియని మనిషి చేతిలో ఆ బిడ్డ ఉండటం అసలు ప్రమాదం. చేరబోయే సంస్థకు ఆ కోర్సు చెప్పే అనుమతి ఉందో లేదో ‘ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ’ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. వీసా జాబితాలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఏజెంట్ మాట కాకుండా ప్రభుత్వ సైట్‌నే నమ్మండి.

ఇక్కడుండగానే ఏం చేయొచ్చు?

• ఏసీఈసీక్యూఏ సైట్‌లో నిబంధనలు, ప్రమాణాల గైడ్ ఉచితంగా దొరుకుతాయి. ముందు నిష్పత్తి, పర్యవేక్షణ, మందులు, ఘటనల భాగాలు చదవండి. ఇక్కడ మీరు చేసిన చిన్నపిల్లల విద్య కోర్సుకు అక్కడ గుర్తింపు ఉంటుందో లేదో మదింపు చేసేదీ ఆ సంస్థే.

• మీ ఊళ్లో ప్లేస్కూల్లోనో, క్రెష్‌లోనో నెల రోజులు పనిచేయండి. మన దగ్గరా నిబంధనలున్నాయి. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మందికి మించకపోయినా, సరిగ్గా 50 మంది ఉన్న సంస్థకూ క్రెష్ తప్పనిసరి చేసింది. ప్రైవేటు ప్లేస్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు 20 మందికి ఒక టీచర్‌ను సూచించాయి. మీరు పనిచేసే చోట గేటు గొళ్లెం, తలల లెక్క, తీసుకెళ్లేవారి పేర్లు ఎలా చూస్తున్నారో గమనించండి.

• రోజూ ఒక చిన్న ఘటనను అభిప్రాయం కలపకుండా అయిదు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం సాధన చేయండి.

• ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోండి. ఆస్ట్రేలియాలో అక్కడి కోర్సు మళ్లీ చేయాల్సి వచ్చినా చేతికి అలవాటు పోదు.

• తెలుగును తక్కువ చేసుకోవద్దు. పిల్లల ఇంటి భాషను గౌరవించడం అక్కడి బోధన ప్రణాళికలో భాగమే. కొత్తగా చేరి ఏడుస్తున్న తెలుగు పిల్లాడికి ‘అమ్మ సాయంత్రం వచ్చేస్తుంది నాన్నా’ అన్న మాట ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

ఇంటర్వ్యూలో ‘పిల్లలంటే మీకెందుకిష్టం?’ అని తప్పక అడుగుతారు. దానికి అందరి దగ్గరా జవాబుంటుంది. ‘మీ పక్కన ఉన్న సీనియర్ నిబంధన దాటుతుంటే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకూ ఇప్పుడే జవాబు సిద్ధం చేసుకోండి. పిల్లాడిని ముందు సురక్షితంగా ఉంచుతాను, వెంటనే సూపర్‌వైజర్‌కు చెబుతాను, చూసింది చూసినట్టు రాస్తాను. ఈ మూడు మాటలూ మొహమాటం లేకుండా చెప్పగలిగితే ఈ ఉద్యోగానికి మీరు సగం సిద్ధమైనట్టే.