బర్రెకు బ్రేకుండదు, బండికుంటుంది

వానాకాలం రాత్రి కేసముద్రం నుంచి మానుకోట దిక్కు బండి మీద పోయినవాళ్లకు ఎరుకే. ఊరు దాటగానే నడిరోడ్డు మీద బర్రెలు పడుకొని నెమరేస్తుంటాయి. హారన్ కొట్టినా లేవవని తిట్టుకుంటాం. బిడ్డా, వాటి లెక్క వాటికుంది. దొడ్డంతా బురద. తారు రోడ్డేమో పగటి వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడుస్తుంది. పైగా గాలాడుతుంది, దోమలు తక్కువ. ఇక మక్కలు ఆరబోసే రోజుల్లోనైతే అడగొద్దు. రోడ్డు మీద కుప్ప పోసి, చుట్టూ రాళ్లు పేర్చి, ఆవును రావొద్దంటే వింటుందా?

మన లెక్క చూద్దాం. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆలోపే దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 9. మొత్తం 26. మరి 80లో పోతే? రెండింతలు, 52 అంటావు. కాదు! మొదటిది రెండింతలై 33 అవుతుంది కానీ, బ్రేకు పడ్డాక జారే దూరం నాలుగింతలై 36 దాకా పోతుంది. మొత్తం 69. వేగం రెండింతలైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుంది మరి. అదంతా బ్రేకులే వేడిగా మార్చాలి. ఇదీ పొడి రోడ్డు లెక్కే, తడి రోడ్డు మీద ఇంకా జారుతుంది.

డిమ్ లైటు వేస్తే 50 మీటర్ల అవతలి నల్ల బర్రె కనపడటం కష్టం. మీద పడ్డ వెలుతురునంతా దాని ఒళ్లే మింగేస్తుంది. పశువు కంటి లోపల వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది కాబట్టి, మనవైపు చూస్తే కళ్లు మెరుస్తాయి. మొహం అటు తిప్పుకుందా, ఆ గుర్తూ లేదు. నిలబడ్డ బర్రెను గుద్దితే కారు ముక్కు కాళ్లకు తగిలి, నాలుగైదు వందల కిలోల ఒళ్లు అద్దం మీదికొచ్చి పడుతుంది.

ఇంగ్లాండులోని న్యూ ఫారెస్ట్‌లో పొట్టి గుర్రాలు యజమానులున్నా విడిగానే తిరుగుతాయి. అక్కడివాళ్లు వాటిని కట్టేయలేదు. కంచె లేని చాలా రోడ్ల మీద బండ్ల వేగాన్నే 40 మైళ్లకు, అంటే 64 కిలోమీటర్లకు, కట్టడి చేశారు. కొన్ని గుర్రాల మెడకు మెరిసే పట్టీలు కట్టారు. అంత దూరం ఎందుకు, మన అమ్రాబాద్ పులుల అడవిలో శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. పులికి చేసే మర్యాదలో బర్రెకు పావు వంతైనా దక్కొద్దా?

పశువును ఊరి మీద వదిలేసేవాళ్లకూ చురక పడాల్సిందే. విడిగా తిరిగే పశువును పట్టి కట్టేసే బందెల దొడ్డి భయం ఇప్పుడెవరికుంది?

ఇక బండ్ల వేగం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ప్రభుత్వం ఏ రోడ్డు మీదైనా వేగం తగ్గించి బోర్డు పెట్టించవచ్చు. ఊరి హద్దుల్లో రాత్రిపూట గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దని గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుకివ్వండి. బోర్డు వచ్చేదాకా మీ బర్రె కొమ్ములకు మెరిసే టేపు చుట్టండి, రెండింటికీ.