కంప్యూటర్లోనూ ఓ అటక ఉంది!

పండగొస్తోందంటే అటక మీది సామానంతా దింపి, సొట్టగిన్నెలూ మూతల్లేని డబ్బాలూ ఏరి పారేస్తాం కదా! కంప్యూటర్‌కీ అలాంటి అటక ఉంటుందని నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు.

మా అమ్మాయి హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుందామని కూర్చుంటే 'జాగా లేదు, సేవ్ అవదు' అంది కంప్యూటరు. సి డ్రైవ్ పక్కన గీత ఎర్రగా నిండిపోయి ఉంది. మావారు ఆఫీసులో ఉన్నారు. నేనే నడుం బిగించి, తెర మీదున్న బొమ్మలన్నీ డిలీట్ కొట్టేశాను. తెర అద్దంలా మెరిసింది గానీ, జాగా చారెడైనా పెరగలేదు! మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "అవి డబ్బా మీద అంటించిన చీటీలత్తా, చీటీ పీకితే పప్పు పోతుందా?" అన్నాడు.

అసలు ప్రోగ్రాం పోవాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్ అని ఉంటుంది. విండోస్ 11లో 'ఇన్‌స్టాల్డ్ యాప్స్', పాత 10లో 'యాప్స్ అండ్ ఫీచర్స్'. అక్కడ పెద్దపట్టీ వస్తుంది. సైజు ప్రకారం అమర్చమంటే బండవన్నీ పైకొస్తాయి. విండోస్ 11లో అయితే పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్' అనడమే. అలా పిల్లలు ఎప్పుడో ఆడి వదిలేసిన ఆటలూ, గడువు తీరిన యాంటీవైరసూ తీసేశాను. అది పోతే విండోస్‌తో వచ్చిన డిఫెండర్ తనే కాపలాకి వస్తుంది, భయం లేదు. ఆ పట్టీలోనే 'విజువల్ సి ప్లస్ ప్లస్' అంటూ నాలుగైదు ఒకేలాంటి పేర్లు కనిపిస్తే ముట్టుకోకండి. వేరే ప్రోగ్రాములు వాటి ఆసరాతో నడుస్తాయి.

ప్రోగ్రాం పోయినా జిడ్డు మిగులుతుంది. విండోస్ మీటా, ఆర్ అక్షరమూ కలిపి నొక్కి, పర్సెంట్ గుర్తు, ఆప్‌డేటా (ఏ, పి, పి, డి, ఏ, టి, ఏ), మళ్ళీ పర్సెంట్ గుర్తు కొడితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. తీసేసిన ప్రోగ్రాం పేరే ఉన్న ఫోల్డర్ జోలికి తప్ప ఇంకో దాని జోలికి పోవద్దు. నేనైతే వెంటనే తీసేయను. పేరు చివర 'పాత' అని చేర్చి పదిరోజులు చూస్తాను.

ఇక నేను బోల్తా పడ్డది ఇక్కడే. రెండు నెలల తర్వాత, బోలెడంత వచ్చేసిందన్న ధీమాతో సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, 'టెంపరరీ ఫైల్స్' దాకా వెళ్ళాను. అక్కడ చిన్న చిన్న గళ్ళుంటాయి. అన్నీ చెత్తే కదా అని వరసపెట్టి టిక్కులు కొట్టి 'రిమూవ్' నొక్కాను. అందులో 'డౌన్‌లోడ్స్' గడి కూడా ఉందండీ. దానికి విండోస్ తనంతట తాను టిక్కు పెట్టదు, పెట్టింది నేనే. మా నాన్నగారి సహస్ర చంద్రదర్శనం ఫొటోలు చెల్లెలు వాట్సాప్‌లో పంపితే, కంప్యూటర్లో తెరిచి దింపుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. రీసైకిల్ బిన్‌లో వెతికాను. చేత్తో డిలీట్ కొట్టినవి అక్కడికి చేరతాయి గానీ, ఇలా పోయినవి చేరవు. చెల్లెలి ఫోన్‌లో సగం ఫొటోలు దొరికాయి. నాన్నగారు మనవలందర్నీ పేరుపేరునా పిలిచి దీవించిన వీడియో మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆయనా ఇప్పుడు లేరు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పట్నుంచీ ముందు డౌన్‌లోడ్స్ తెరిచి, కావలసినవి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అవి అందులోంచి తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే శుభ్రం మొదలెడుతున్నాను.

నెట్‌లో 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఒక్క నొక్కుతో బాగుచేస్తాం' అనే ప్రకటనలొస్తాయి చూడండి, వాటిని నమ్మి ఏదీ ఎక్కించకండి. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే ప్రోగ్రాముల్ని మైక్రోసాఫ్టే సమర్థించదు.

మావారు వాడి మానేసిన లెక్కల ప్రోగ్రాం ఫోల్డరొకటి 'పాత' అన్న పేరుతో మా కంప్యూటర్లో ఇప్పటికీ కూర్చునుంది. పదోరోజు ఎల్లుండి. ఈలోగా ఆయన్ని ఇంకోసారి అడగాలి.